ఇన్ఫోసిస్ బైబ్యాక్ (నవంబర్ 2025): సార్వా వరి తుపానుకి పోయింది, చేతిలో 110 షేర్లున్నాయి, ఏం చెయ్యమంటారు?

ఆచంట_దాళ్వా
నా దగ్గర 110 ఇన్ఫోసిస్ షేర్లు ఉన్నాయి. 60 షేర్లు 2021లో 1,400 చొప్పున కొన్నాను. మిగతా 50 రెండేళ్ళ తరవాత ఇంచుమించు అదే ధరకి. కిందటేడు డిసెంబరులో రెండు వేలు దాటినప్పుడు అమ్మెయ్యమని మా బావమరిది చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు, వినలేదు. ఇప్పుడు పదిహేను వందల దగ్గర ఆడుతోంది. కంపెనీ 1,800కి వెనక్కి కొంటానంటోంది. నవంబర్ 14 రికార్డ్ డేట్ (హక్కు ఎవరికో తేల్చే తేదీ) నాటికి నా డీమ్యాట్‌లో షేర్లున్నాయి కాబట్టి నాకూ హక్కుంది. 20 నుంచి 26 లోపు ఇవ్వాలి.

అసలు సంగతి ఏమిటంటే, మొంథా తుపానుకి మా మూడెకరాల స్వర్ణ చేను గింజ గట్టిపడే వేళ చాప చుట్టినట్టు పడిపోయింది. బోదెలో నీళ్ళు లాగలేదు, నాలుగు రోజులు చేలోనే నిలబడిపోయాయి. కంకి చేత్తో ఎత్తి చూస్తే కింది గింజలకి తెల్లగా మొలకలు. దాళ్వాకి (రెండో పంటకి) నారు పొయ్యాలంటే డబ్బు కావాలి. రెండెకరాల రొయ్యల చెరువు లీజుకిచ్చాను. లీజుదారుడు అమెరికా సుంకాల పేరు చెప్పి ఈ ఏడు సగమే ఇస్తానంటున్నాడు. పెద్దాడు డల్లాస్‌లో ఉన్నాడు, వాడి వీసా టెన్షన్ వాడికుంది. వాడిని అడగబుద్ధి కాలేదు.

మొత్తం అమ్మెయ్యాలా? బైబ్యాక్‌లో ఇచ్చి మిగతావి ఉంచుకోవాలా? ఈ ఏఐ వచ్చాక అసలు ఈ కంపెనీకి ముందుచూపు ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉండి_చెరువుగట్టు
అమ్మెయ్యండి. ఐటీ అయిపోయింది. మనుషులు చేసే పని మిషను చేసేస్తుంటే మనుషుల్ని అద్దెకిచ్చే కంపెనీకి ఎవడు డబ్బిస్తాడు?

లంక_మాస్టారు
@ఉండి_చెరువుగట్టు ఐటీ అయిపోయిందన్న మాట నేను 2000లో విన్నాను, 2003లో విన్నాను, 2008లో విన్నాను. 2003 ఏప్రిల్‌లో వచ్చే ఏడాది అంచనా తక్కువ చెప్పారని ఒక్క రోజులో పావు వంతు పైన పడింది ఈ షేరు. అప్పుడు అమ్మినవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో అడగండి. 1993లో 95 రూపాయల ఇష్యూలో వంద షేర్లు కొని కదలకుండా కూర్చున్నవాడికి బోనస్‌లూ విభజనా కలిపి ఈవేళ 1,02,400 షేర్లు. ఆ ఇష్యూకి అప్పట్లో పూర్తిగా దరఖాస్తులు కూడా రాలేదు.

అంబాజీపేట_ఐటీ
మాస్టారూ, 1993లో కొన్నవాళ్ళ లెక్క అందరూ చెప్తారు. 2000 మార్చిలో శిఖరం మీద కొన్నవాళ్ళ లెక్క ఎవరూ చెప్పరు. వాళ్ళు కొన్న ధర మళ్ళీ కళ్ళజూడటానికి ఏళ్ళ తరబడి కాచుకున్నారు. కంపెనీ మంచిదే, కొన్న ధర మంచిది కాదు.

లంక_మాస్టారు
అది ఒప్పుకుంటాను.

తణుకు_టాక్స్
@ఆచంట_దాళ్వా ముందు బైబ్యాక్ సంగతి తేల్చేద్దాం, భవిష్యత్తు తరవాత. రికార్డ్ డేట్ నాడు మీ షేర్ల విలువ రెండు లక్షల లోపు ఉంటే మీరు చిన్న వాటాదారు. 110 గుణించు పదిహేను వందలు, లక్షా అరవై అయిదు వేలు. కాబట్టి ఆ లెక్కలోకే వస్తారు. చిన్నవాళ్ళకి 11 షేర్లకి 2 చొప్పున ఖాయంగా తీసుకుంటారు. మీకు 20. పెద్దవాళ్ళకి 706కి 17 మాత్రమే. ఆ తేడా చూడండి.

ఇంకో మాట. 20కే కాదు, 110కీ దరఖాస్తు పెట్టొచ్చు. చిన్న వాటాదారుల్లో చాలామంది పట్టించుకోరు, వాళ్ళు వదిలేసినవి పెట్టినవాళ్ళకి పంచుతారు. తీసుకోనివి మీ డీమ్యాట్‌లోకే తిరిగొస్తాయి. నష్టం లేదు, తిరిగొచ్చేదాకా వాటిని బయట అమ్ముకోలేరు, అంతే.

పన్ను దగ్గరే అందరూ పప్పులో కాలేస్తున్నారు. 2024 అక్టోబర్ 1న వచ్చిన రూలు ప్రకారం ఈ 2025 బైబ్యాక్‌లో వచ్చే డబ్బు మొత్తం డివిడెండ్ కింద లెక్క. లాభం మీద కాదు, మొత్తం మీద. 20 షేర్లకి 36,000 వస్తే ఆ 36,000 మీ ఆదాయంలో కలుస్తుంది. మీరు కొన్న 28,000 పెట్టుబడి నష్టం కింద రాసుకుని, ఎనిమిదేళ్ళ వరకూ వేరే షేర్ల దీర్ఘకాల లాభాల్లో తగ్గించుకోవచ్చు. రిటర్ను గడువులోగా వేస్తేనే సుమండీ.

ఆచంట_దాళ్వా
మొత్తం మీద పన్నంటే మరి బైబ్యాక్‌లో ఇవ్వడం దండగ కదండీ?

తణుకు_టాక్స్
మీ ఆదాయాన్ని బట్టి. ముప్ఫై శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి 36,000 మీద సెస్సుతో కలిపి 11,232 పోతుంది. చేతికి ఇరవై అయిదు వేలు కూడా రావు. ఆ నష్టం వాడుకున్నా బజార్లో 30,000కి అమ్ముకున్నవాడే బాగుపడతాడు. అలాంటివాళ్ళు ఇవ్వకూడదు.

మీ సంగతి వేరు. వరి ఆదాయానికి పన్ను లేదు. చెరువు లీజూ, డివిడెండ్లూ అన్నీ కలిపినా కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కదా. వరి ఆదాయం పన్ను రేటు లెక్కలో కలుస్తుంది, అయినా మీరు ఆ దరిదాపుల్లో ఉండరు. కంపెనీ పది శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను) కోస్తుంది, 3,600. రిటర్ను వేస్తే అది తిరిగొస్తుంది. అంటే బజార్లో 30,000 వచ్చే 20 షేర్లకి మీకు 36,000. ఆరు వేలు ఎక్కువ, పైన 28,000 నష్టం జేబులో.

ఆచంట_దాళ్వా
ఆరు వేలంటే దుక్కి ఖర్చులో కొంత వచ్చినట్టే. ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదండీ.

వేమగిరి_పూలతోట
నర్సరీ బిల్లులు కట్టే హడావుడిలో నేను రికార్డ్ డేట్ మర్చిపోయాను. ఇప్పుడు కొంటే ఇవ్వొచ్చా?

తణుకు_టాక్స్
లేదండీ. 14 నాటికి ఖాతాలో ఉండాలి.

ఉండి_చెరువుగట్టు
ఒకటి గమనించారా? ప్రమోటర్లు (కంపెనీ పెట్టినవాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ) ఈ బైబ్యాక్‌లో తమ షేర్లు ఇవ్వబోమన్నారు. నీలేకని గారు, సుధామూర్తి గారు, అందరూ. 1,800 తక్కువ ధర అని వాళ్ళకి తెలుసనా? అలా అయితే మనమెందుకు ఇవ్వాలి?

తణుకు_టాక్స్
వాళ్ళ శ్లాబు ఎక్కడుంటుందో ఆలోచించండి. ఇందాక ముప్ఫై శాతం ఉద్యోగికి వేసిన లెక్క వాళ్ళకి ఇంకా గట్టిగా తగులుతుంది. దాన్ని నమ్మకానికి గుర్తుగా తీసుకోకండి.

అంబాజీపేట_ఐటీ
ఇప్పుడు అసలు ప్రశ్నకి. నేను ఇన్ఫోసిస్‌లో కాదు, అలాంటి పనే చేసే వేరే కంపెనీలో హైదరాబాద్‌లో పదమూడేళ్ళుగా ఉన్నాను. మాది అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ క్లయింటు. 2022లో మా టెస్టింగ్ టీములో పదకొండు మందిమి. ఇప్పుడు అయిదుగురం. పని తగ్గలేదు, పెరిగింది. టెస్ట్ కేసులు రాయడం, పాత బగ్గులు వెతకడం, రిపోర్టు తయారుచెయ్యడం, వీటిలో సగం పైన మిషనే చేసి ఇస్తోంది. మేం చూసి సరిచేస్తున్నాం.

జనం ఇక్కడితో ఆపేసి "అయితే కంపెనీకి లాభమే, జీతాలు మిగిలాయి" అంటారు. లేదు. జూన్‌లో కాంట్రాక్టు రెన్యువల్‌కి కూర్చున్నప్పుడు క్లయింటు అడిగిన మొదటి మాట ఒకటే. మీకు ఏఐ వల్ల పని తేలికైంది కదా, అందులో మాకెంత తగ్గిస్తారు? తగ్గించాం. మేం తగ్గించకపోతే పక్క కంపెనీ తగ్గిస్తుంది. ఆ ఆరుగురి పని వల్ల వచ్చే బిల్లింగ్ పోయింది. ఇన్ఫోసిస్ అయినా టీసీఎస్ అయినా ఈ నేల మీదే నిలబడ్డాయి.

అంకెలు చూడండి. మారకం ధరల తేడా తీసేస్తే 2021-22లో ఇన్ఫోసిస్ ఆదాయం 19.7 శాతం పెరిగింది, తరవాత ఏడు 15.4. ఆ పైన 1.4, కిందటేడు 4.2. ఈ ఏడాదికి అక్టోబర్‌లో చెప్పిన అంచనా 2 నుంచి 3 శాతం. ఉద్యోగులు 2023 మార్చిలో 3,43,000 పైన, ఏడాదికి 3,17,000కి దిగి, 2025 మార్చికి 3,23,000. మనిషికి ఇంత అని బిల్లు వేసే వ్యాపారంలో మనుషులు పెరగకపోతే ఆదాయం ఎక్కడి నుంచి పెరుగుతుంది?

లంక_మాస్టారు
బాబూ, నువ్వు లోపల ఉండి చూసేది నేను కాదనను. కానీ నాకు 400 షేర్లున్నాయి. రిటైరయ్యాక పెన్షన్‌కి తోడు ఇవే. కిందటేడు షేరుకి 43 రూపాయల డివిడెండ్ ఇచ్చారు, 17,200 వచ్చింది. ఈ నెల మొదట్లో మధ్యంతర డివిడెండ్ 23 చొప్పున 9,200 పడింది. ఆ డబ్బుతో మీ పిన్నిగారి మోకాలి మందులు కొంటున్నాం. కిందటేడు కంపెనీ లాభం 26,713 కోట్లు, నిర్వహణ లాభం నూటికి 21 పైన. అప్పు దాదాపు లేదు. అలాంటి కంపెనీ రేపో ఎల్లుండో మూతపడుతుందన్నట్టు మాట్లాడితే ఎలా?

అంబాజీపేట_ఐటీ
మూతపడుతుందని నేననలేదు మాస్టారూ. ఆ 26,713 కోట్లకి ముందు ఏడు ఎంతో చూడండి. 26,233. ఏడాదంతా కష్టపడితే రెండు శాతం కూడా పెరగలేదు. షేరుకి లాభం 64 పైచిలుకు, ధర పదిహేను వందలు. అంటే 23 రెట్లు పెట్టి కొంటున్నాం. పెరుగుదల లేని లాభానికి 23 రెట్లు ఎక్కువని నా అభిప్రాయం. బ్యాంకు డిపాజిట్ ఆరున్నర ఇస్తుంటే మీ డివిడెండ్ మూడు శాతానికి కాస్త తక్కువ.

లంక_మాస్టారు
సెప్టెంబర్ త్రైమాసికంలో లాభం 13 శాతం పెరిగింది. 7,364 కోట్లు. అది కూడా చెప్పు.

అంబాజీపేట_ఐటీ
చెప్పాలి, నిజమే. రూపాయి పడటం కూడా అందులో కలిసింది. డాలరు 88 దాటింది, బిల్లు డాలర్లలో, జీతాలు ఎక్కువ భాగం రూపాయల్లో.

పూతరేకు_ఆత్రేయపురం
మంచి కంపెనీ గురించి ఇలా కొట్టుకునే అదృష్టం మీకుంది. నా సంగతి వినండి. ఒక టెలిగ్రామ్ గ్రూపులో చెప్పారని పేరు చివర ఏఐ ఉన్న ఒక చిన్న కంపెనీలో మూడు లక్షలు పెట్టాను. కొబ్బరితోట మీద తెచ్చిన డబ్బది. రెండు వారాలు రోజూ అయిదు శాతం పెరిగింది. తరవాత రోజూ అయిదు శాతం లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి పడగలిగినంతా పడి ఆగిపోవడం. పొద్దున్నే తొమ్మిదింపావుకి ఫోను పట్టుకుని గట్టు మీద నిలబడి అమ్మకం ఆర్డరు పెట్టేవాణ్ణి. కొనేవాళ్ళ వైపు సున్నా. సాయంత్రం మూడున్నరకి అది రద్దయ్యేది. నలభై తొమ్మిది రోజులు అలా చేశాను. చివరికి నలభై వేలు చేతికొచ్చింది. మా ఆవిడకి చెప్పడానికి నెల పట్టింది.

ఎప్పుడు అమ్మాలన్నా కొనేవాడుండటం ఎంత గొప్ప సంగతో నాకు అప్పుడు తెలిసింది. ఇన్ఫోసిస్ పడినా అమ్ముకోవచ్చు. @ఆచంట_దాళ్వా మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ఆ డబ్బు పట్టుకెళ్ళి ఇలాంటి టిప్పుల్లో మాత్రం పెట్టకండి.

నర్సాపురం_లేసు
@పూతరేకు_ఆత్రేయపురం చాలా బాధగా ఉందండీ. ఆ గ్రూపు మీద ఫిర్యాదు చేశారా? షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీకి ఫిర్యాదులకని స్కోర్స్ అని ఆన్‌లైన్‌లో ఉంది.

పూతరేకు_ఆత్రేయపురం
చేశానండీ. గ్రూపు పేరు మార్చుకుని మాయమైపోయారు.

కాకరపర్రు_కుర్రాడు
ఐటీ షేర్లంటే మన గోదావరి జిల్లాల్లో భయం 2009 జనవరి 7 నుంచే ఉంది. సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్క రోజులో 179 నుంచి 40కి పడింది. మన భీమవరంలో పుట్టిన రామలింగరాజు కంపెనీ అనే అభిమానం కొద్దీ కొన్నవాళ్ళు మన వైపు ఎక్కువ. ఇన్ఫోసిస్‌కీ అలా అవదని నమ్మకం ఏంటి?

లంక_మాస్టారు
రెండూ ఒకటి కావు. అక్కడ లెక్కలే అబద్ధమని ఛైర్మనే ఉత్తరం రాశాడు. ఇక్కడ లెక్కలు నిజమే, పెరుగుదల ఎంత అనేదే ప్రశ్న. ఇంకో సంగతి, ఆ సత్యం షేర్లు పారెయ్యకుండా ఉంచినవాళ్ళకి 2013లో 17కి 2 చొప్పున టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి. 2015లో వాటికి బోనస్, విభజన జరిగి ఒకటి నాలుగయ్యాయి. అభిమానంతో కొనకూడదు, అది నిజం. భయంతో అమ్మకూడదు, అదీ నిజమే.

ఉండి_చెరువుగట్టు
మొదట్లో నేను ఒక్క ముక్కలో అమ్మెయ్యమన్నాను. ఆచంట గారి పోస్టు మళ్ళీ చదివాను. నా మాట మారలేదు గానీ కారణం మారింది. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మా చెరువులు మూడు, ఏడెకరాలు. మా నాన్న హయాంలో టైగర్ రొయ్య. తొంభైల నడిమిలో తెల్లమచ్చ రోగం వచ్చింది. పొద్దున చెక్ ట్రే ఎత్తితే మేత మేతలాగే ఉంది, గట్టు వెంబడి రొయ్యలు బద్ధకంగా ఈదుతున్నాయి, పెంకు మీద తెల్లటి చుక్కలు. మూడు రోజుల్లో మూడు చెరువులూ ఖాళీ. తరవాత 2009లో వనామి రకం రొయ్య వచ్చాక మళ్ళీ నిలబడ్డాం. తెల్లమచ్చ నాకు నేర్పింది ఏమిటంటే, పక్క పక్క చెరువులు మూడున్నా ఒకే బోదె నీళ్ళు పెట్టుకుంటే అవి మూడు చెరువులు కావు, ఒకటే.

ఈ ఆగస్టులో అమెరికా మొదట 25, నెలాఖరుకి ఇంకో 25 సుంకం వేసింది. పాత సుంకాలు కలిపితే రొయ్య మీద 58 శాతం దాకా వెళ్ళింది. వారం తిరక్కుండా కొనుగోలుదారులు ధర దించేశారు. నేను వంద కౌంటులోనే (కిలోకి వంద రొయ్యలు) పట్టుబడి చేసి అమ్ముకున్నాను, ఇంకా పెద్ద సైజు దాకా పెంచితే మేత ఖర్చు కూడా రాదని. సెప్టెంబర్ 19న హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) కొత్త పిటిషన్‌కి లక్ష డాలర్ల ఫీజన్నారు. అదే నెలలో విదేశాలకి పని ఇస్తే 25 శాతం పన్ను వెయ్యాలని వాళ్ళ సెనేట్‌లో ఒక బిల్లు పెట్టారు. ఇన్ఫోసిస్ ఆదాయంలో నూటికి 55 పైన ఉత్తర అమెరికాదే.

ఇప్పుడు ఆచంట గారిది చూడండి. చెరువు లీజు అమెరికా మీద, అబ్బాయి ఉద్యోగం అమెరికా మీద, షేర్లు అమెరికా మీద. మూడూ ఒకే కాలువ కింది చేలు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపులు దించేస్తే మూడూ ఒకేసారి ఎండుతాయి. ఈ షేరు మంచిదా చెడ్డదా అని విడిగా తూచితే లాభం లేదు. వేరే ఊళ్ళో ఉండి, ఒక్క రొయ్యల చెరువు కూడా లేనివాడికి ఇది మంచి షేరే అవ్వొచ్చు. మన ఇంటికి సరిపోతుందా అన్నది చూడాలి.

నర్సాపురం_లేసు
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మాదీ అంతే. మా అత్తగారి కాలం నుంచి లేసు అల్లిక. నా చేతి కింద ముప్ఫై మంది ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర కూర్చుని అల్లుతారు. టేబుల్ క్లాత్‌లు, డాయిలీలు, ఎక్కువ అమెరికాకే. సెప్టెంబర్ నుంచి ఆర్డర్లు ఆగాయి. కోడి పెట్టె పక్కన అట్టపెట్టెల్లో సరుకు కట్టలు కట్టి ఉంది. నేను నెలకి రెండు వేలు చొప్పున పెడుతూ వచ్చిన 30 ఇన్ఫోసిస్ షేర్లు కూడా అదే సమయంలో పడ్డాయి. ఆపద వేళకని దాచుకున్నవి కదా, ఆపదతో పాటే అవీ పడితే ఎలా అని రోజూ అనుకుంటున్నాను. ఎందుకు పడ్డాయో ఇప్పుడు అర్థమైంది.

లంక_మాస్టారు
@ఉండి_చెరువుగట్టు మాట బాగుంది. కానీ కాలువ ఒక్కటే కాదు. ఇన్ఫోసిస్‌కి యూరప్ నుంచి మూడో వంతు దాకా వస్తోంది. రూపాయి పడితే ఈ షేరుకి మేలు, మన పెట్రోలుకి, ఎరువుకి కీడు. అంటే ధరలు పెరిగినప్పుడు ఇది కాస్త ఆదుకుంటుంది కూడా. వరి రైతుకి ఇది మరీ అంత తేడా పంట కాదు. ఆచంట గారి ఇంట్లో వరి కూడా ఉంది, అది అమెరికా తినదు.

ఉండి_చెరువుగట్టు
వరి తుపాను తింది కదండీ.

లంక_మాస్టారు
అవునయ్యా. మా లంకలో అరటి కూడా ఒక్క చెట్టు నిలబడలేదు.

అంబాజీపేట_ఐటీ
@ఉండి_చెరువుగట్టు నేను ఇన్నాళ్ళూ ఇలా ఆలోచించలేదు. నా జీతం ఐటీ, నా మ్యూచువల్ ఫండ్ ఐటీ ఫండ్, కంపెనీ ఇచ్చిన షేర్లు ఐటీ, ఫ్లాటు హైటెక్ సిటీ పక్కన. ఉద్యోగం పోయిన రోజు మిగతా మూడూ కూడా బాగుండవు. శుక్రవారం ఐటీ ఫండ్ సిప్ (నెలనెలా కట్టే వాయిదా) ఆపేస్తాను.

ఒక వివరణ. ఆ లక్ష డాలర్లు కొత్త పిటిషన్లకే. ఇప్పటికే అక్కడ ఉండి పొడిగించుకునేవాళ్ళకి వర్తించదని అమెరికా ప్రభుత్వమే చెప్పింది. @ఆచంట_దాళ్వా మీ అబ్బాయి అక్కడే పని చేస్తుంటే ఆ భయం కాస్త తగ్గించుకోండి. మీరు అడక్కుండా, అతను చెప్పకుండా ఇద్దరూ విడివిడిగా బాధపడుతున్నట్టున్నారు. ఫోన్ చెయ్యండి.

కాకరపర్రు_కుర్రాడు
కంపెనీ 18,000 కోట్లు పెట్టి వెనక్కి కొంటోందంటే పెట్టుబడికి చోటు దొరక్కే కదా? ఆ డబ్బుతో ఏఐలో ఏదైనా పెద్దది చెయ్యొచ్చుగా.

అంబాజీపేట_ఐటీ
నాకూ ఆ బాధ ఉంది. 18,000 కోట్లంటే పది కోట్ల షేర్లు, మొత్తంలో 2.41 శాతం. మిగిలిన ఒక్కో షేరుకి వచ్చే లాభం ఆ మేరకే పెరుగుతుంది. అయిదేళ్ళలో మిగులు నగదులో 85 శాతం వాటాదారులకి ఇచ్చేస్తామన్నది వాళ్ళ విధానం. వాటాదారుగా సంతోషమే, ఉద్యోగిగా చూస్తే ఆ డబ్బు పరిశోధనకి వెళ్ళాల్సింది అనిపిస్తుంది. అయితే పూర్తిగా చీకటి కాదు. అమెరికా బ్యాంకుల్లో నలభై ఏళ్ళ కిందట కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి. వాటిని మార్చడం ఇదివరకు ఎవరూ ముట్టుకోలేని పని, ఇప్పుడు ఏఐ సాయంతో చెయ్యొచ్చు. ఆ పని తెలిసిన మనుషులు ఇలాంటి కంపెనీల్లోనే ఉన్నారు. తగ్గే బిల్లింగ్ ముందు వస్తుంది, పెరిగే పని తరవాత వస్తుంది. మధ్యలో ఎన్నేళ్ళు పడుతుందన్నదే. ఆ ఏళ్ళు ఆగగలిగిన డబ్బయితే ఉంచండి.

వేమగిరి_పూలతోట
దాళ్వా పెట్టుబడి ఆగగలిగిన డబ్బు కాదు.

అంబాజీపేట_ఐటీ
అదే నేను చెప్పబోయింది.

ఆచంట_దాళ్వా
మూడు రోజులుగా అన్నీ చదువుతున్నాను. నిన్న రాత్రి పెద్దాడికి ఫోన్ చేశాను. వాడి పొడిగింపు కాగితాలు ఆగస్టులోనే వెళ్ళాయట, కొత్త ఫీజు తగలదని వాళ్ళ లాయరు చెప్పాడట. చేను పడిపోయిన సంగతి వాడికి వాళ్ళ అమ్మ తుపాను మర్నాడే చెప్పేసింది. నేను అడుగుతానేమోనని వాడు ఎదురుచూస్తున్నాడు. దాళ్వాకి పంపిస్తానన్నాడు. వద్దన్నాను, లీజు సంగతి తేలకపోతే అడుగుతానన్నాను.

షేర్లు 110కీ బైబ్యాక్‌లో పెట్టేస్తున్నాను. ఎన్ని తీసుకుంటే అన్ని. తిరిగొచ్చిన వాటిలో 50 ఉంచి మిగతావి బజార్లో అమ్మేస్తాను. మాస్టారి మాట మీద ఆ యాభై, ఉండి గారి మాట మీద మిగతా అమ్మకం.

తణుకు_టాక్స్
బాగుంది. బైబ్యాక్ డబ్బు డిసెంబర్ మొదటి వారంలో పడుతుంది. నారుకి ఈలోపే కావాలంటే బజార్లో అమ్మే వాటిని వేరుగా పెట్టుకోండి, వాటిని బైబ్యాక్‌కి పెట్టకండి. పెట్టినవి తిరిగొచ్చేదాకా కదలవు.

ఆచంట_దాళ్వా
ఓహో, అది తట్టలేదు. అయితే 40 రేపే అమ్మేస్తాను, 70 బైబ్యాక్‌లో పెడతాను. చిన్న వాటాదారు హక్కు రికార్డ్ డేట్‌ని బట్టే కదా, ఇప్పుడు అమ్మితే పోదు కదండీ?

తణుకు_టాక్స్
పోదు. 20 హక్కు అలాగే ఉంటుంది. మీ చేతిలో 20కి తక్కువ లేకుండా చూసుకోండి చాలు. అమ్మిన 40 మీద లాభం నాలుగయిదు వేలు, లక్షా పాతిక వేల లోపు దీర్ఘకాల లాభానికి పన్ను లేదు. కాకపోతే ముందు కొన్నవి ముందు అమ్మినట్టు లెక్క, అది రాసిపెట్టుకోండి.

నర్సాపురం_లేసు
బ్రోకరు యాప్‌లో బైబ్యాక్ ఎక్కడుంది? నాకు కనబడట్లేదు.

తణుకు_టాక్స్
కార్పొరేట్ యాక్షన్స్ అని ఉంటుంది, కొన్నిటిలో ఐపీఓ పక్కన ఉంటుంది. పెట్టాక డిపాజిటరీ (మన షేర్లు దాచే సంస్థ) నుంచి టీపిన్ అనే రహస్య నంబరు, ఓటీపీ వస్తాయి. అవి కొడితేనే పూర్తయినట్టు. చాలామంది అక్కడ ఆపేసి అయిపోయిందనుకుంటారు.

ఆచంట_దాళ్వా
ఓటీపీ నా పాత నంబరుకి వెళ్తోంది, ఆ సిమ్ము ఎప్పుడో పోయింది. ఇవాళ పాలకొల్లు వెళ్ళి బ్రోకరు ఆఫీసులో నంబరు మార్పించాను, ఆధార్ జిరాక్స్ ఇచ్చి సంతకం పెట్టాను. రెండు రోజులు పడుతుందన్నారు. 26 లోపు అయిపోతుంది. 40 మాత్రం వాళ్ళతోనే చెప్పి అమ్మించాను, 1,500కి కాస్త పైన పడ్డాయి.

ఉండి_చెరువుగట్టు
దాళ్వాకి ఏం వేస్తున్నారు?

ఆచంట_దాళ్వా
1121 రకం వరి. వచ్చేటప్పుడు మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో ఆగి విత్తనం అడిగాను, సోమవారం రమ్మన్నారు. మీ వైపు ఎవరి దగ్గరైనా నాలుగు బస్తాలుంటే చెప్పండి.

ఉండి_చెరువుగట్టు
మా తోడల్లుడి దగ్గర ఉంది, రాత్రికి అడిగి చెప్తాను.